ఏకోపాధ్యాయ పాఠశాలలో టీఎల్ఎం (పాఠం చెప్పడానికి వాడే సామాను): ఏం కొనాలి అని అడిగిన మేడమ్ గారికి

మేడమ్ గారూ, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మెగా డీఎస్సీలో ఎస్జీటీగా, అంటే ప్రైమరీ టీచరుగా వచ్చారు, సింగిల్ టీచర్ బడి, ఒకటి నుంచి అయిదు దాకా కలిపి 19 మంది పిల్లలు. మొదటి జీతంలో నాలుగు వేలు పెట్టి చార్టులు, ఫ్లాష్ కార్డులు, ఒకట్రెండు థర్మోకోల్ మోడల్స్ తెచ్చి గది నిండా పెట్టారు, పిల్లలు రెండ్రోజులు చూసి తర్వాత వాటి వంక కూడా చూడట్లేదు, పైగా చుట్టుపక్కల బడుల టీచర్లంతా కలిసే కాంప్లెక్స్ మీటింగ్‌లో టీఎల్ఎం ఏదీ ఏదీ అంటున్నారు. ఇంకా ఏం కొంటే పని అవుద్ది అని మీ ప్రశ్న.

సూటిగా చెప్తున్నా: ఇంకేం కొనొద్దు. ఒకటో తరగతి నుంచి అయిదు దాకా నిజంగా పనికొచ్చే సామాను నాలుగైదు రకాలే, అవి కూడా దాదాపు ఊరికే వస్తాయి. మీరు కొన్నవి పని చెయ్యకపోవడానికి కారణం అవి చెడ్డవని కాదు, అవి గోడ మీద ఉన్నాయి, పిల్లల చేతిలో లేవు, అంతే. ఇంకో సంగతి కూడా ఉంది, చేతికిచ్చింది మళ్ళీ ఎప్పుడు వెనక్కి తీసుకోవాలో తెలియాలి, అది ఎవరూ చెప్పరు, నాకు తెలియడానికే పదేళ్ళు పట్టింది.

నేను 1998లో చేరాను, మార్కాపురం చుట్టుపక్కల మండలాల్లోనే సర్వీసంతా. మా అమ్మాయి వయసుంటది మీకు, మధ్యలో అమ్మా అని వస్తే ఏమీ అనుకోకండి.

ముందు నా తప్పు చెప్తా. 2000 తర్వాత సర్వశిక్షా అభియాన్ వచ్చాక టీచరుకి ఏడాదికి 500 రూపాయలు టీఎల్ఎం గ్రాంటు ఇచ్చేవాళ్ళు. నేను ఆ డబ్బుకి ఇంకొంత కలిపి థర్మోకోల్‌తో సౌర కుటుంబం చేశాను, రంగులు, బల్బు, మోటారు పెట్టి గ్రహాలు తిరిగేట్టు. టీఎల్ఎం మేళాలో ప్రైజ్ కూడా వచ్చింది. తర్వాత దాన్ని బీరువా మీద పెట్టాను, పిల్లలు ముట్టుకుంటే పాడవుద్దని. ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. రెండేళ్ళకి ఎలుకలు కొట్టేశాయి, నాకంటే ఎలుకలే దాన్ని ఎక్కువ వాడుకున్నాయి. సరే అది పోయింది, అసలు బాధేందంటే అది నేర్పింది కూడా తప్పే. అందులో భూమి నిమ్మకాయంత, సూర్యుడు బత్తాయంత, ఇద్దరి మధ్య జానెడు దూరం.

ఇప్పుడు ఎలా చేస్తానంటే, ఫుట్‌బాల్ ఒకటి గ్రౌండ్‌లో పెడతా, అది సూర్యుడు. ఆ లెక్కన భూమి రెండు మిల్లీమీటర్లు, అంటే ఆవగింజ. ఆ ఆవగింజ చేతిలో పెట్టుకుని ఓ పిల్లాడు ఫుట్‌బాల్ దగ్గర్నుంచి దాదాపు 24 మీటర్లు నడవాలి, అంటే మా బడిలో గేటు దాకా. నెప్ట్యూన్ ఎక్కడ సార్ అంటారు, అది 700 మీటర్ల పైనే, మా ఊళ్ళో అయితే చెరువుకట్ట దాటాలి. అయిదో తరగతి పిల్లలు అక్కడి దాకా నడిచి వెనక్కి తిరిగి ఫుట్‌బాల్ కనపడట్లేదని అరిచారు చూడండి, ఆ అరుపు నా తిరిగే మోటారు ఏనాడూ తెప్పించలేదు. ఖర్చు ఒక ఆవగింజ.

ఇప్పుడు లెక్కలు, ఎందుకంటే టీఎల్ఎం అసలు పని అక్కడే.

మా వైపు కంది ఎక్కువ, కందిపుల్లలు ఎన్నంటే అన్ని. మీ వైపు చీపురుపుల్లలైనా, ఐస్‌క్రీం పుల్లలైనా ఒకటే. సమానంగా విరిచి పదేసి కట్టగా రబ్బరు బ్యాండు వేయించండి. కట్టలు మీరు కట్టొద్దు, పిల్లలే లెక్కపెట్టి కట్టాలి. రెడీగా పదులు గుచ్చిన పూసల చట్రం కొని ఇస్తే ఆ పది ఎక్కడి నుంచి వచ్చిందో పిల్లాడికి తెలియదు. తను లెక్కపెట్టి కట్టిన కట్ట అయితే దాంట్లో పదే ఉన్నాయని నమ్ముతాడు, మళ్ళీ విప్పి చూడ్డు. కొందరు విప్పి చూస్తారు, చూడనివ్వండి, వాళ్ళకి ఇంకా పది అనేది మనసులో ఒకే ముద్దగా ఏర్పడలేదని అర్థం.

42 లోంచి 17 తీసెయ్యి అన్నామనుకోండి. నాలుగు కట్టలు, రెండు విడిపుల్లలు. ఏడు విడివి కావాలి, రెండే ఉన్నాయి. మనం చిన్నప్పటి నుంచి చెప్పేది ఏంటి, పక్కింటి నుంచి అప్పు తెచ్చుకో అని. నేనూ అట్లాగే చెప్పా చాలా ఏళ్ళు. ఒకసారి మూడో తరగతి పిల్ల అడిగింది, సార్ మరి ఆ అప్పు ఎప్పుడు తీరుస్తాం అని. వాళ్ళ నాన్న అప్పుల గొడవ ఇంట్లో చూస్తూ ఉంటది కదా, న్యాయమైన ప్రశ్నే. నా దగ్గర సమాధానం లేదు. పుల్లలతో అయితే అప్పు మాటే రాదు, ఒక కట్ట రబ్బరు తీస్తే 12 విడిపుల్లలు అయ్యాయి, ఏడు తీస్తే అయిదు, మిగిలిన మూడు కట్టల్లో ఒకటి తీస్తే రెండు, మొత్తం 25. ఎవరి సొమ్మూ కాదు, మన కట్టే మనం విప్పుకున్నాం. అప్పట్నుంచి నా క్లాసులో "అప్పు తేవడం" మానేసి "కట్ట విప్పడం" అంటున్నా, పలక మీద లెక్క చేసేటప్పుడు కూడా అదే మాట. సామాను వాడటం అంటే నా దృష్టిలో ఇదీ, ఆ వస్తువు పోయినా దాని మాట పిల్లాడి నోట్లో ఉండిపోవాలి.

మీరు డీఎస్సీకి మనస్తత్వ శాస్త్రవేత్త బ్రూనర్ చెప్పిన నేర్చుకునే దశలు బట్టీ పట్టే ఉంటారు, క్రియాత్మక, చిత్రప్రతిమ, ప్రతీకాత్మక అని. బిట్టు కోసం చదివి మర్చిపోతాం గానీ క్లాసులో రోజూ పనికొచ్చేది అదే. మొదట పుల్లలు చేత్తో. తర్వాత పుల్లలు పక్కన పెట్టి పలక మీద గీతలు చుక్కలు, కట్టకి ఒక నిలువు గీత, విడిపుల్లకి ఒక చుక్క. కట్ట విప్పాలంటే ఒక గీత కొట్టేసి పది చుక్కలు పెట్టడం. ఆ తర్వాత అంకెలు. మన దగ్గర జరిగే తప్పు ఏంటంటే మధ్య మెట్టు ఎగ్గొడతాం, సోమవారం పుల్లలు, మంగళవారం నల్లబల్ల మీద అంకెలు, బుధవారం "వీడికి ఎంత చెప్పినా రాదు".

దానికి ఎదురు తప్పు ఇంకోటి ఉంది, నేను అదీ చేశా. నాలుగో తరగతికి వచ్చిన ఒక పిల్లాడు 8కి 5 కలపడానికి కూడా పుల్లల డబ్బా కోసం లేచేవాడు. నేను ముచ్చటపడేవాణ్ణి, చూడు ఎంత బాగా వాడుతున్నాడో అని. అయిదో తరగతి అయిపోయి హైస్కూల్‌కి పోయాడు, అక్కడ పుల్లల డబ్బా లేదు. ఆ తప్పు వాడిది కాదు, నేను టైముకి తీసెయ్యలేదు. ఇప్పుడు నేను చూసుకునే గుర్తు ఒకటే, పిల్లాడు పుల్లల మీద చెయ్యి వేసి, లెక్కపెట్టకుండానే ఆన్సర్ చెప్పేస్తున్నాడా, అయితే ఆ వారం నుంచి డబ్బా నా టేబుల్ మీదకి. కావాలంటే అడిగి తీసుకోవచ్చు, కానీ లేచి నా దాకా రావాలి. ఆ నాలుగడుగుల బద్ధకం చాలు, సగం మంది మనసులోనే చేసేస్తారు.

ఇంకో పెద్ద ఇబ్బంది మీకు రెండు మూడు తరగతుల్లో తగిలే ఉంటది, నూట అయిదు రాయమంటే 1005 రాస్తారు. ఎందుకు రాయరు పాపం, నూరు అంటే 100, అయిదు అంటే 5, విన్నది విన్నట్టు రాశారు. దీనికి తిట్టినా లాభం లేదు, స్థానాల పట్టిక వంద సార్లు గీయించినా లాభం తక్కువ. దీనికి పాత శుభలేఖలు వాడండి. నిజంగానే. శుభలేఖ అట్ట మందంగా ఉంటది, ఊళ్ళో ప్రతి ఇంట్లో కట్టలు కట్టలు పడి ఉంటాయి. మూడంకెల వెడల్పు ముక్కల మీద 100, 200 నుంచి 900 దాకా, రెండంకెల వెడల్పు ముక్కల మీద 10 నుంచి 90, ఒక అంకె వెడల్పు ముక్కల మీద 1 నుంచి 9. మూడు ముక్కలూ కుడి అంచుకి కలిపి ఒకదాని మీద ఒకటి పెడితే 100, 40, 5 కలిసి 145 కనపడుద్ది, ముక్కలు జరిపితే కింద సున్నాలు మళ్ళీ బయటికి వస్తాయి. నూట అయిదు అంటే 100 మీద 5 పెట్టమనండి, చివరి సున్నా మీద అయిదు కూర్చుంటది. 1005 రాసే పిల్లలు చాలామంది నాలుగైదు రోజుల్లో మానేస్తారు, ఎందుకంటే ఆ సున్నాలు ఎక్కడికి పోయాయో కళ్ళతో చూశారు. ముక్కలు కత్తిరించే పని అయిదో తరగతి వాళ్ళకి ఇవ్వండి, వాళ్ళకీ అదొక పాఠమే.

భిన్నాలకి పెద్దగా చెప్పేది లేదు, ఒకే సైజు కాగితం పట్టీలు మడతలు పెట్టించండి. 4 పెద్దది కాబట్టి 1/4 పెద్దదనే భ్రమ, 1/3 పట్టీ పక్కన పెట్టి చూస్తే పోతుంది. గుండ్రటి పిజ్జా బొమ్మల చార్టు ఉంటే తీసెయ్యండి, మా పిల్లలు పిజ్జా చూళ్ళేదు, గుండ్రాన్ని మూడు సమాన ముక్కలు చెయ్యడం మనకే రాదు.

తెలుగు కార్డుల దగ్గర ఒక మోసం ఉంది, చూసుకోండి. మీరు కొన్న అక్షరాల ఫ్లాష్ కార్డులు, ఒక పక్కే అక్షరమూ బొమ్మా ఉంటాయి కదా. పిల్లాడు "అ, అమ్మ" అని గడగడ చెప్తాడు, మనం మురిసిపోతాం. బొమ్మ మీద వేలు పెట్టి మూసి అడగండి, సగం మంది నోరు తెరవరు. వాళ్ళు చదివింది అక్షరం కాదు బొమ్మ. మా బడిలో ఒకడు ఐ కార్డు చూసి "ఐ, ఏనుగు" అనేవాడు, ఐరావతం బొమ్మ అది, వాడికి తెలిసిన ఏనుగే కదా మరి. 'ఏ' అక్షరం కార్డు మీదా ఏనుగే, 'ఐ' అక్షరం కార్డు మీదా ఏనుగే, వాడేం చేస్తాడు. ఋషి బొమ్మకి "ఋ, తాత". అందుకని బొమ్మ వెనక పక్కన ఉండాలి, ముందు అక్షరం చదివి, కార్డు తిప్పి కరెక్టేనా అని తనే చూసుకోవాలి. మీ కార్డులు రెండు ముక్కలు చేసి బొమ్మని వెనక అంటిస్తే సరిపోద్ది. పదాలు కూడా మీ ఊరి పిల్లల నోట్లో ఉన్నవి పెట్టుకోండి, ఖడ్గం, ఘటం లాంటివి వదిలేసి పిల్లల పేర్లే రాయండి, తన పేరులో మొదటి అక్షరం ఏ పిల్లాడూ మర్చిపోడు.

గుణింతానికి రెండు అట్ట చక్రాలు మధ్యలో పిన్ను గుచ్చితే చాలు, పైదాంట్లో కిటికీ, కింద తలకట్టు, దీర్ఘం, గుడి, కొమ్ము అన్నీ. కానీ నిజం చెప్పాలంటే చక్రం తిప్పుతూ ఆడుకుంటారు, చదవరు, ఇద్దరిద్దర్ని కూర్చోబెట్టి ఒకడు తిప్పి ఒకడు చదివితేనే పని.

మ్యాపు గురించి ఒక్క మాట. గోడకి వేలాడే మ్యాపు చూసి చూసి పిల్లలకి ఉత్తరం అంటే పైన అని పడిపోద్ది, నిజంగా ఆకాశం వైపు చూపిస్తారు అడిగితే. ఒక పిల్ల అడిగింది, సార్ నైలు నది కింద నుంచి పైకి ఎట్లా ఎక్కుతుంది అని, దక్షిణం నుంచి ఉత్తరానికి పారుద్ది కదా అది. మ్యాపు గోడ మీద నుంచి దించి నేల మీద పరవండి, సూర్యుడు పొడిచే వైపు తూర్పు పెట్టి. దానికంటే ముందు వరండాలో సుద్దతో బడి, గుడి, బోరింగు, వాళ్ళ వాళ్ళ ఇళ్ళు గీయించండి. తన ఇల్లు నేల మీద పెట్టినోడికి తర్వాత గోదావరి పెట్టడం కష్టం కాదు.

ఇక అసలు రాజు పలక. నేను మార్కాపురం వాణ్ణి కాబట్టి చెప్తున్నా అనుకోకండి, మా దగ్గర రాయి తీసి పలకలు చేసి దేశమంతా పంపిన ఊరు అది, ఇప్పుడు ప్లాస్టిక్ పలకలు వచ్చాయి, నోట్‌బుక్కులు వచ్చాయి, పెద్ద తరగతుల్లో పలక తెస్తే చిన్నతనంగా ఫీలవుతున్నారు. సింగిల్ టీచర్‌కి పలకని మించిన టీఎల్ఎం లేదమ్మా. నోటితో అడిగితే చెయ్యెత్తే ఇద్దరే చెప్తారు, మిగతా 17 మందికి వచ్చిందో రాలేదో మీకు తెలియదు. నోట్‌బుక్కులు దిద్దితే సాయంత్రం తెలుస్తుంది, అప్పటికి పాఠం అయిపోయింది. పలక మీద రాయి, గుండెకి ఆనించి పెట్టుకో, నేను "చూపించు" అన్నప్పుడు ఒకేసారి ఎత్తు. అంతే, ఒక్క చూపులో 19 మంది బుర్రలు కనపడతాయి. ఏడుగురు 1005 రాశారంటే ఆ నిమిషంలోనే శుభలేఖ ముక్కలు బయటికి తీస్తారు. పైగా తప్పు రాస్తే తుడిచేస్తే పోయింది, నోట్‌బుక్కులో ఎర్ర ఇంకు లాగా ఏడాదంతా కనపడదు, అందుకే పిరికి పిల్లలు పలక మీద ధైర్యంగా రాస్తారు. ప్రతి తరగతికీ, అయిదో తరగతితో సహా, పలక తప్పనిసరి అని మీరు రూల్ పెట్టేయండి.

గోడల సంగతి. గది నిండా చార్టులు పెట్టానన్నారు, అదీ కొంచెం తగ్గించండి. 2014లో అమెరికాలో కార్నెగీ మెలన్ యూనివర్సిటీ వాళ్ళు చిన్న పిల్లల మీద ఒక ప్రయోగం చేశారు, ఒకే పిల్లలకి కొన్ని పాఠాలు బొమ్మలు నిండిన గదిలో, కొన్ని బోడి గదిలో చెప్పి చూశారు, అలంకరించిన గదిలో దిక్కులు ఎక్కువ చూశారు, తక్కువ నేర్చుకున్నారు. చిన్న ప్రయోగమేలే, అయినా మనం రోజూ చూసేదే. ఈ నెల పాఠానికి పనికొచ్చేవి రెండు మూడు ఉంచి మిగతావి చుట్టి పెట్టండి, నెల మారగానే మార్చండి, మార్చిన రోజు మళ్ళీ కొత్తగా చూస్తారు.

అన్నట్టు మీరు పోస్టులో "చదివింది 10 శాతం, చూసింది 30 శాతం, చేసింది 90 శాతం గుర్తుంటుంది" అని అమెరికా విద్యావేత్త ఎడ్గార్ డేల్ పేరుతో రాశారు. ట్రైనింగుల్లో స్లైడ్ల మీద అందరం చూసిందే. డేల్ 1946లో అనుభవాల శంఖువు వేశాడు గానీ ఆ శాతాలు ఆయన ఇవ్వలేదు, తర్వాత ఎవరో అంటించారు. ఆ అంకెలు నమ్మి "చేయిస్తే చాలు" అనుకోవద్దు. చేతులు ఆడుతుంటే బుర్ర ఆడుతున్నట్టు కాదు. పుల్లలతో ఇల్లు కట్టుకుంటూ గంట గడిపే పిల్లలు నా దగ్గర ఎప్పుడూ ఉంటారు. అందుకే మొదటిసారి ఏ సామాను ఇచ్చినా పది నిమిషాలు ఊరికే ఆడుకోనిస్తా, ఆ మోజు తీరాక పాఠం.

స్మార్ట్ టీవీ ఉందన్నారు కదా, మంచిదే, గుండె కొట్టుకోవడం, అగ్నిపర్వతం లాంటివి పుల్లలతో చూపించలేం. కాకపోతే వీడియో పెట్టి మీరు వేరే తరగతికి పోతే అది సినిమా. రెండు నిమిషాలకి ఆపి "తర్వాత ఏమవుద్ది" అని పలక మీద రాయించండి, తర్వాత ప్లే నొక్కండి. కరెంటు పోతే పాఠం ఆగిపోయేట్టు మాత్రం పెట్టుకోవద్దు.

అయిదు తరగతులు ఒక్కరే ఎలా అంటే, మదనపల్లె దగ్గర రిషివ్యాలీ వాళ్ళు చుట్టుపక్కల పల్లెల్లో ఇలాంటి బడుల కోసమే కార్డుల పద్ధతి తయారుచేశారు, స్కూల్ ఇన్ ఎ బాక్స్ అనేవాళ్ళు. మెట్లు మెట్లుగా కార్డులు, పిల్లాడు తన మెట్టు ఎక్కడో తనే చూసుకుని తన కార్డు తనే తీసుకుంటాడు. అంత మొత్తం మీరు ఒక్కరే చెయ్యక్కర్లేదు, అందులోంచి ఒక్కటి తీసుకోండి: సామాను పిల్లల ఎత్తులో ఉండాలి, వాళ్ళే తీసి వాళ్ళే పెట్టాలి. పాత చెప్పుల డబ్బాలు అయిదు, ఒక్కోదానికి ఒక లీడరు. పుల్లలు పోతాయి, ముక్కలు చిరుగుతాయి, పోనివ్వండి.

ఒక్క జాగ్రత్త. ఒకటో తరగతికి, అంగన్‌వాడీ పిల్లలు కూడా అక్కడే ఉంటే మరీ, చింతపిక్కలు, పూసలు ఇవ్వొద్దు. మా దగ్గర ఒక బుడ్డోడు చింతపిక్క ముక్కులో దూర్చుకుని సాయంత్రం దాకా చెప్పలేదు, బండి మీద ఆసుపత్రికి పరిగెత్తాం. వాళ్ళకి నోట్లో, ముక్కులో పట్టని పెద్ద సామానే ఇవ్వండి.

మీటింగ్‌లో అడిగితే ఏం చూపించాలి అంటే, లెసన్ ప్లాన్‌లో ఏ రోజు ఏ సామాను ఎందుకు వాడారో ఒక లైన్ రాసుకోండి, వచ్చినవాళ్ళ ముందు ఒక పిల్లని పిలిచి కట్ట విప్పించండి. పది చార్టులు చూపించినదానికంటే అదే గట్టిగా నిలబడుద్ది, నేను చూశాను.

మరి ఆ నాలుగు వేల సామాను ఏం చెయ్యాలి అంటారా. మామూలు చార్టులు తిప్పి వెనక తెల్ల పక్కన పిల్లలతో బొమ్మలు వేయించండి, థర్మోకోల్ సంగతి ఎలుకలు చూసుకుంటాయి. లామినేషన్ చేయించినవి మాత్రం పారెయ్యొద్దు. వెనక పక్క స్కెచ్ పెన్నుతో రాసి తడిగుడ్డతో తుడిస్తే పోతుంది, కత్తిరిస్తే ఒక్కో చార్టుకి నాలుగు ముక్కలు వస్తాయి, పలక తేని పిల్లలకి అవి ఇవ్వండి.